పెరటి ఫాతెహా

రాయచోటి,
24-9-2002

అక్క మాబీకి జిలాని సలాం.

ఇక్కడ అందరం బాగున్నాం అని రాయబోయి కలం ఆపేశాను. అందరం అనడానికి ఇంట్లో ఉన్నది నేనొక్కడినే కదా. నేను బాగానే ఉన్నాను. మెహనాజ్ పోయిన నలభయ్యో రోజు అయ్యాక నిన్ను బస్సెక్కించి ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. నీ కాలు ఎలా ఉంది? ఓర్వకల్లు స్టాపులో మీ మరిది కొడుకు అక్రమ్ వచ్చి దింపుకున్నాడా? ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. నేను అరిస్తే బూత్ దగ్గరున్న వాళ్ళంతా పని మానేసి నన్నే చూస్తారు. అందుకే ఈ ఇన్‌లాండు కవరు.

షాపు తెరిచాను. మిషను ముందు కూర్చుంటే చేతులు వాటంతట అవే కుడుతున్నాయి. నిన్న ఒక చొక్కాకు రెండు కుడిచేతులు కుట్టాను. గిరాకీ మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు.

పెరడు ఎండిపోయిందా అని బస్సెక్కుతూ అడిగావు. ఎండలేదు. జూన్‌లో మెహనాజ్ పెట్టిన గింజలన్నీ కాపుకొచ్చాయి. సొరతీగ వసారా రేకుల మీదికెక్కింది. బీర, చిక్కుడు, ఎనిమిది వంకాయ చెట్లు. వాన జాడ లేదు. మునిసిపాలిటీ ట్యాంకరు నాలుగు రోజులకోసారి వస్తే ఇంటికి ఆరు బిందెలు. అయినా ఆమె చేసిన ఏర్పాటు నువ్వు చూశావుగా. నమాజుకు ముందు కాళ్ళూ చేతులూ ముఖమూ కడుక్కునే వజూ బండను తీగల మొదట్లో వేయించింది. ఎవరు వజూ చేసినా చుక్క పోకుండా పాదులోకే పారాలి. "నమాజు అల్లాకు, నీళ్ళు సొరకాయకు" అని నవ్వేది.

బయట కూరగాయ కొనడం లేదు. పెరట్లో కాసిందే తింటున్నాను.

నీ తమ్ముడు
జిలాని బాషా


ఓర్వకల్లు,
6-10-2002

తమ్ముడు జిలానికి అక్క దీవెనలు.

నీ కవరు చదివి రెండు రోజులు ఏడ్చాను. మూడో రోజు నీ మీద కోపం వచ్చింది. తిన్నావా, నిద్రపోతున్నావా అని నేనెక్కడ అడుగుతానోనని సొరతీగ కథ చెప్పి తప్పించుకున్నావు. నీ పెళ్ళినాడు కూడా ఇంతే, ఆకలేస్తోందా అంటే షేర్వాణీ బిగుతుగా ఉందన్నావు.

నా కాలుకేం, అలాగే ఉంది. పోయినేడు విరిగినచోట చలిగాలి తగిలితే సలుపుతుంది. ఇక్కడా వానల్లేవు. మా కొండరాళ్ళు పొద్దున తొమ్మిదికే కాలుతున్నాయి. మేక ఈనింది. రెండు పిల్లల్లో ఒకటి కుంటిది, నాకు తోడు.

ఇప్పుడు సంతోషం మాట చెబుతాను. అక్రమ్ బండల లోడుతో కడప మీదుగా పోతూ నీ ఇంట్లో ఆగాడట కదా. వచ్చి చెప్పాడు: "మామ ఇప్పుడు ఐదు పూటలా వజూ చేస్తాండాడుమ్మా. నేనుండిన కాసేపట్లోనే రెండు మార్లు చూసినా. బండ మీద కూచోని ఎంత నిదానంగా కాళ్ళు కడుక్కుంటాడో!" నా గుండె నిండిపోయింది తమ్ముడూ. చిన్నప్పుడు నమాజంటే రాళ్ళగుట్టల్లో దాక్కునేవాడివి. పెళ్ళాం పోయిన బాధను పట్టుకుని పోయి అల్లా దగ్గర పెట్టావు. అంతకంటే ఏం కావాలి? నాయన నమాజు చేసుకున్న చాప నా పెట్టెలో ఉంది. ఈసారి అక్రమ్ వచ్చేటప్పుడు పంపిస్తాను. అది నీదే.

ఇంకొకటి. పెరటి ఫాతెహా మరిచిపోకు. అమ్మ ఎలా చేసేదో గుర్తుందిగా? కాపు ముగిసే ముందు, తీగ ఇంకా పచ్చగా ఉండగానే, చివరి కాయలన్నీ కోసేది. అన్నీ కలిపి ఒకే డేగిసాలో వండి, దాని మీద ఫాతెహా దువా చదివించి, వీధి వీధంతా పెట్టేది. ఇచ్చినవాడికి షుక్రియా చెప్పాకే తీగ పెరకనిచ్చేది. అమ్మ తర్వాత మెహనాజ్ చేసింది. ఈ ఏడు నువ్వు చెయ్యాలి.

అక్క
మాబీ


రాయచోటి,
21-10-2002

అక్కకు సలాం.

చాప అందింది. మడత విప్పితే నాయన అత్తరు వాసన ఇంకా ఉంది. మళ్ళీ మడిచి అలమారాలో పెట్టాను.

ఒక సంగతి అడగాలి. వరుగులు ఎలా చేయాలి? చిక్కుడుకాయ, వంకాయ తరిగి మిద్దె మీద ఎండబెట్టాను. వంకాయ ముక్కలు నల్లబడ్డాయి. ఉప్పునీళ్ళలో వేయాలా? ఎన్ని రోజులు ఎండాలి? సరిగ్గా ఎండితే ఎన్ని నెలలు నిలుస్తాయి? ఏడాది నిలుస్తాయా? వివరంగా రాయి.

మెహనాజ్ ఉన్నప్పుడు వరుగులు చేసే అవసరమే రాలేదు. ఇంట్లో వండింది వండగా మిగిలినవి చేటలో వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చేది. ఈ ఏడు నేను ఎవరికీ ఇవ్వడం లేదు. పక్కింటి రాజ్యలక్ష్మమ్మ, అదే కిరాణా కొట్టు శెట్టిగారి భార్య, గోడ మీదుగా అడిగింది: "ఏమప్పా జిలానీ, ఈ తూరి మీ చెట్లకు మా ఇల్లు కనపడ్లేదా ఏమి?" నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. పురుగు పట్టిందమ్మా అని అబద్ధం చెప్పాను.

అక్కా, నేను పిసినారిని కాను, నీకు తెలుసు. ఆ గింజలు ఆమె చేత్తో పెట్టినవి. ఆ కాయ తింటే ఆమె పెట్టినట్టే ఉంటుంది. అవి అయిపోతే నాకింక ఆమె పెట్టేది ఏమీ ఉండదు. అందుకే దాచుకుంటున్నాను. ఫాతెహా సంగతి తర్వాత చూద్దాం.

జిలాని


ఓర్వకల్లు,
3-11-2002

తమ్ముడు జిలానికి,

వంకాయను ఉప్పూ పసుపూ కలిపిన నీళ్ళలో ఓ పొంగు రానిచ్చి ఎండెయ్యి. నాలుగు ఎండలు చాలు. ఆరు నెలలు నిలుస్తాయి. ఆ తర్వాత పురుగే. ఏడాది నిలవాలనుకోకు, అక్కడ నీ ఆశ నిలవదు.

నీ కవరు రెండుసార్లు చదివాను. దాచుకుంటే మనిషి నిలుస్తుందా నాయనా? నీ బావ పోయినప్పుడు ఆయన చెప్పులు రెండేళ్ళు గుమ్మం దగ్గరే పెట్టుకున్నాను. చివరికి కుక్క ఎత్తుకుపోయింది. ఏం చేశాను? కుక్కను తిట్టాను.

రాజ్యలక్ష్మమ్మకు నాలుగు వంకాయలు ఇచ్చిరా, సిగ్గుపడకుండా. వాళ్ళు మన వంట తినరని ఏటా ఆమె వాటా పచ్చికాయలే పక్కన తీసిపెట్టేది మెహనాజ్. అది కూడా నీకు తెలుసో లేదో.

రంజాన్ నెల రాబోతోంది. ఐదు పూటలా నమాజు చేసే మనిషివి, ఈ నెలలోనే ఫాతెహా పెట్టుకుంటే ఎంత బరకత్! మా మసీదులో నమాజు చేయించే హజరత్‌కు నీ సంగతి చెప్పాను. "అట్లాంటి తమ్ముడుండేది నీ అదృష్టం మాబమ్మా" అన్నారు. ఆ మాట విని ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

మాబీ


రాయచోటి,
17-11-2002

అక్కా,

హజరత్ అన్న మాట చదివినప్పటి నుంచి అన్నం సహించడం లేదు. ఇక దాచలేను.

నేను నమాజు చేయడం లేదు. ఆగస్టు పదకొండున ఆమెను మట్టిలో పెట్టినప్పటి నుంచి ఒక్క పూట చేయలేదు. వజూ మాత్రం చేస్తున్నాను, ఐదు పూటలా. ఎందుకంటావా? ఇంట్లో ఇద్దరం వజూ చేసినన్నాళ్ళూ తీగలకు నీళ్ళు సరిపోయేవి. ఆమె పోయాక నేనూ మానేస్తే వారంలో సొరతీగ వాడింది. మగ్గుతో నేరుగా పోద్దామని చూశాను. చెయ్యి రాలేదు. ఆ బండ మీద కూర్చుని, ఆమె ఎలా పారాలనుకుందో అలాగే పారించాలనిపించింది. కాళ్ళు కడుక్కుంటాను, చేతులు కడుక్కుంటాను, లేచి షాపుకు పోతాను. అక్రమ్ చూసింది అదే. నువ్వు సంతోషపడ్డావని కాదనలేకపోయాను. నాయన చాప మడత విప్పి మళ్ళీ వేసింది అందుకే.

షుక్రియా చెప్పమంటున్నావు. ఎవరికక్కా? బిందె పట్టుకుని ట్యాంకరు దగ్గర నిలబడ్డ మనిషిని, నిలబడ్డది నిలబడ్డట్టే తీసుకుపోయినవాడికా? పిల్లల్లేకపోయినా ఒక్క రోజు నిష్ఠూరమాడని మనిషి. యాభై రెండేళ్ళు. ఆమెను తీసుకుని నాకు సొరకాయలిచ్చాడు. దానికి షుక్రియానా? నా వల్ల కాదు.

జిలాని


ఓర్వకల్లు,
26-11-2002

జిలానీ,

ఇఫ్తారు చేసి నీ ఉత్తరం చదివించుకున్నాను. నా కళ్ళకు అక్షరాలు ఆనలేదు, అక్రమ్ చదివాడు. వాడి ముందు నా తల తీసేసినట్టయింది. వజూ చేసి నమాజు చేయకుండా లేచిపోతావా? ఆ నీళ్ళు ఎందుకోసం పుట్టాయనుకున్నావు? హజరత్‌కు నేనేం మొహం చూపించాలి?

ఇన్నాళ్ళూ కడుపులో పెట్టుకున్న మాట ఇప్పుడు అనేస్తున్నాను. నలభయ్యో రోజున రాజ్యలక్ష్మమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది: "పోయినేడు మీ మరదలు ఆ పెరటి పండగ చేయలేదమ్మా. తీగలు తీగలుగానే ఎండిపాయ." అదే పోయినేడు నేను మంచంలో ఉన్నప్పుడు మెహనాజ్ వచ్చింది కదా, "ఫాతెహా చేసే వచ్చినావా?" అని నోరారా అడిగాను. "చేసే వచ్చినా వదినా" అంది. అల్లా సొమ్ము తిని, షుక్రియా ఎగ్గొట్టి, పైగా నాతో అబద్ధం. ఎనిమిది నెలలు తిరక్కుండా ఏమయిందో చూశావు. ఇప్పుడు నువ్వూ అదే దారి పడుతున్నావు.

నాకు భయంగా ఉంది. నాకు మిగిలినవాడివి నువ్వొక్కడివే.

మాబీ


రాయచోటి,
5-12-2002

అక్కా,

రంజాన్ కుట్లు ఉన్నాయి, ఎక్కువ రాయలేను.

పోయినేడు నీ కాలు విరిగిందని ఫోన్ వచ్చినప్పుడు మెహనాజ్ పెరట్లోనే ఉంది. తీగల నిండా కాయలున్నాయి. ఆ శుక్రవారమే ఫాతెహా పెట్టుకుందామని డేగిసా కూడా తోమి బోర్లించింది. ఫోన్ విని, రెండు చీరలు సంచిలో కుక్కుకుని, ఆ మధ్యాహ్నం బస్సుకే నీ దగ్గరికి వచ్చేసింది. "ఒక్క రోజాగి ఫాతెహా చేసిపో" అన్నాను. "తీగ ఎండితే మళ్ళీ మొలుస్తాది, వదినెకు ఆడ ఎవురుండారు?" అంది. నీ దగ్గర ఆరు వారాలు ఉంది. నేను రంజాన్ పనిలో పడి నీళ్ళు పోయలేదు. ఆమె తిరిగొచ్చేసరికి అంతా ఎండిపోయింది.

నీతో ఎందుకు అబద్ధం చెప్పిందో నువ్వే ఆలోచించు.

ఇక నాకు రాయొద్దు.

జిలాని


ఓర్వకల్లు,
16-12-2002

తమ్ముడూ,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చింపేసినా సరే.

పండగనాడు నేను కొత్త చీర కట్టలేదు. మంచం మీద కూర్చుని ఆ ఆరు వారాలూ ఒక్కో రోజే గుర్తు చేసుకున్నాను. నన్ను ఎత్తి కూర్చోబెట్టింది. నా మలమూత్రాలు ఎత్తిపోసింది. నాకు సిగ్గేసి మొహం గోడవైపు తిప్పుకుంటే "ఏం వదినా, గోడ మీద సినిమా ఆడతాండాదా?" అనేది. తల దువ్వేది. ఉపవాసముండి నాకు వండిపెట్టేది. అప్పుడు కూడా నేను ఊరుకున్నానా? నొప్పి ఎక్కువైన ఒక రోజు, ఇదంతా మీ ఇంట్లో ఏదో మొక్కు తప్పడం వల్లేనని సతాయించాను. అందుకే ఫాతెహా సంగతి అడిగాను. నిజం చెబితే నా కాలు తన వల్లే విరిగిందంటాననో, తన ఫాతెహా నా వల్ల పోయిందని నేను కుమిలిపోతాననో, ఏదనుకుందో. "చేసే వచ్చినా వదినా" అని నా దుప్పటి సర్దింది.

అలాంటి మనిషి మీద, మట్టిలో ఉన్న మనిషి మీద, ఆ మాట రాశాను. పోస్టు డబ్బాలో చెయ్యి పెట్టి వెనక్కి తీసుకోవడానికి లేదు. నన్ను క్షమించమని ఆమెనే అడగాలి, ఆమె లేదు. నువ్వు క్షమించకపోయినా నేను తప్పు పట్టను.

ఫాతెహా మాట ఇక నేనెత్తను. ఆ కాయలు నీవి. ఎండబెట్టుకో, దాచుకో, కడుపునిండా తిను. నమాజు సంగతి నీకూ అల్లాకూ మధ్యది, నడిమధ్యలో నేనెవరిని? తీగలకు నీళ్ళు మాత్రం మానకు.

నీ అక్క


రాయచోటి,
6-1-2003

అక్కకు సలాం.

నీ కవరు చింపలేదు. పది రోజులు జేబులో పెట్టుకుని తిరిగాను. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకు.

నిన్న ఫాతెహా అయింది. నువ్వు అడిగావని చేయలేదు, ఇక ఆ మాట ఎత్తనన్నావనీ చేయలేదు. జరిగింది చెబుతాను.

పోయిన ఆదివారం షాపు తెరవలేదు, ఒళ్ళు వెచ్చగా ఉంది. పొద్దున్నే పెరట్లో దబదబా నీళ్ళ చప్పుడు. చూస్తే రాజ్యలక్ష్మమ్మ గోడ అవతల స్టూలెక్కి, బియ్యం కడిగిన నీళ్ళు మా వంకాయ చెట్లకు పోస్తోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది. "నువ్వు షాపుకు పోయినాక దినామూ పోస్తాండా జిలానీ. ఆమె పోయినకాడ నుంచి. చెట్టును ఎండనిచ్చేది నాకు మనసొప్పలేదప్పా" అంది. నేను పురుగు పట్టిందని చెప్పిన చెట్లకు, అక్కా.

అదే మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. ఎప్పుడూ బిందెలన్నీ గుమ్మంలో పెట్టి షాపుకు పోయేవాణ్ని, నిండినవి ఎన్నో చూసుకోలేదు. నడిపే గాబ్రియేలు నాకు తొమ్మిది బిందెలు పట్టాడు. ఆరే కదా అన్నాను. "మీ ఇంటికి ఎప్పుడూ తొమ్మిదే సార్. మూడు అమ్మ తీగలకు. నువ్వు లెక్క చూసుకోల్యా" అన్నాడు. ఆమె ఉన్నప్పుడు వాడికి చిక్కుడుకాయలు ఇచ్చేది. ఈ ఏడు నేను ఒక్క కాయ ఇవ్వలేదు. అయినా వాడు మానలేదు.

ఐదు పూటలా వజూ చేసి ఈ కాపును నేనొక్కడినే నిలబెట్టానని అనుకున్నాను. నా నాలుగు చెంబులకు ఆ సొరతీగ రేకులెక్కుతుందా? నాకు చాలా సిగ్గేసింది.

నిన్న మొత్తం కోశాను. మూడు సొరకాయలు, ముదిరిన బీరకాయలు, చిక్కుళ్ళు, వంకాయలు. దాచిన వరుగులు కూడా డబ్బాతో సహా తెచ్చి డేగిసాలో పోశాను. రాజ్యలక్ష్మమ్మ వాటా ముందే తీసి ఇచ్చాను. ఆమె కొంగులో పట్టుకుని లోపలికి పోయింది. వంట నేనే చేశాను. కారం ఎక్కువైంది. ఇక్కడి మసీదు హజరత్ వచ్చి ఫాతెహా చదివారు. నేను పక్కన చేతులెత్తి నిలబడ్డాను కానీ పెదవి కదపలేదు. అబద్ధమెందుకు, కదలలేదు.

పదిహేను మంది వస్తారనుకున్నాను. వీధి చివరిదాకా వచ్చారు. గాబ్రియేలు పెళ్ళాంతో వచ్చాడు. ఎవరెవరో నాకు ముఖం కూడా తెలియనివాళ్ళు. ప్రతివాళ్ళదీ ఒకటే మాట, మెహనాజమ్మ నాకు ఇది ఇచ్చేది, అది ఇచ్చేది అని. ఇన్నేళ్ళూ మిషను తొక్కుతూ నేను ఇవేమీ చూడలేదు. గరిటె తిప్పుతూనే ఉన్నాను. నాకోసం ఒక గిన్నెడు ముందే తీసి అలమారాలో పెట్టుకున్నాను, ఆమె పెట్టేది ఆఖరి ముద్ద కదా అని.

అందరూ పోయాక, డేగిసా కడిగే వేళకు ఒక ముసలామె కర్ర పట్టుకుని వచ్చింది. "మెహనాజమ్మ ఫాతెహా ఈడేనా నాయనా? శానా దూరం నడిచొచ్చినా" అంది. అయిపోయిందమ్మా అందామని నోరు తెరిచాను. ఆమె అప్పటికే గడప మీద కూర్చుని కొంగుతో చేతులు తుడుచుకుంటోంది. లోపలికి పోయి అలమారా ముందు ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఆ గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే అంతా తినింది. గిన్నె వేలితో తుడిచి నాకిచ్చి పోయింది. పేరు అడగడం మరిచిపోయాను.

ఖాళీ గిన్నె చేతిలో పెట్టుకుని పెరట్లో కూర్చున్నాను. మా ఆవిడ పెట్టింది ఇంతమంది తిన్నారు, నాకు మెతుకు మిగల్లేదు. అప్పుడు నోట్లోంచి ఆ షుక్రియా మాటే వచ్చింది, అల్‌హందులిల్లా అని. ఎవరూ చెప్పమనలేదు. ఎవరికి చెప్పానో కూడా నాకు సరిగ్గా తెలియదు. చెప్పాక బరువు తగ్గుతుందంటారు. తగ్గలేదక్కా. ఆగస్టు నుంచి రాని ఏడుపు మాత్రం వచ్చింది. చాలాసేపు ఏడ్చాను.

నీ మీద నాకు కోపం లేదు. ఆమెకు ఎప్పుడూ లేదు.

ఈ పొద్దున తీగలు పెరికి కుప్పేశాను. ఇంట్లో బియ్యముంది, పప్పుంది, కూరగాయ ఒక్కటీ లేదు. సంచి పట్టుకుని సంతకు బయలుదేరాను. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా పోలేదు. వంకాయల బుట్ట ముందు కూర్చున్నాను. ఆ అమ్మే ఆమె "ఏరుకో అన్నా" అంది. పుచ్చు లేని వంకాయ ఏదో చూసి ఎలా చెప్పాలో నాకు తెలియదు, అక్కా. అలాగే కూర్చుండిపోయాను.

నీ తమ్ముడు
జిలాని